ఆ లిఫ్టును తూకానికి వెయ్యకండి

మనిషి పోయిన ఇంట్లో పెద్దకర్మ అయిపోగానే ఒక పంచాయితీ మొదలవుతుంది. మంచం ఎవరికివ్వాలి, పరుపు ఏం చెయ్యాలి, చీరలు ఎవరెవరు పంచుకోవాలి, మిగిలిన మందులు ఎక్కడ పారెయ్యాలి. ఇవన్నీ ఒక పూటలో తేలిపోతాయి. కొన్ని ఇళ్ళలో మాత్రం ఒక వస్తువు సంగతి తేలదు. వీధి వైపు అరుగుకి ఆనించి బిగించిన వీల్‌చైర్ లిఫ్టు.

మా అత్తయ్య పోయాక దాని గురించి నాకు మూడు సలహాలొచ్చాయి. ఒకటి, "పాత ఇనుము వాడికి వేసెయ్యండి, అడ్డం వదులుతుంది." రెండు, "అమ్మ గుర్తుగా ఉండనివ్వండి." మూడు, "పోయినోళ్ళ సామాను ఇంకొకళ్ళకి ఇయ్యబాకమ్మా, వాళ్ళకీ మంచిది కాదు, మనకీ మంచిది కాదు." చెప్పినవాళ్ళందరూ నా మంచి కోరేవాళ్ళే. అయినా మూడూ తప్పే అంటాను. పనిచేస్తున్న లిఫ్టుని విప్పి, ఇంకో ఇంటికి పంపి, అక్కడ బిగించి, మళ్ళీ నడిపించాలి. అలా చెయ్యకపోతే దాని ఖరీదు ఎక్కడో ఒక ఇల్లాలి నడుము చెల్లిస్తుంది.

చూడని వాళ్ళకోసం చెబుతాను. ఇది అపార్ట్‌మెంట్లలో ఉండే లిఫ్టు కాదు. గదీ ఉండదు, పైకప్పూ ఉండదు. వీల్‌చైర్ పట్టేంత ఇనప ప్లాట్‌ఫారం, దానికి రైలింగు, ఒక గేటు, పక్కన నిలువు స్తంభం, ఒక మోటారు. మీట నొక్కి పట్టుకుంటే వీధిలోంచి అరుగు ఎత్తుకి లేస్తుంది. వదిలేస్తే ఆగిపోతుంది. కొన్ని ఆయిలుతో నడిచే హైడ్రాలిక్‌వి, కొన్ని పొడవాటి మర తిరిగితే లేచేవి.

మాది దొనకొండ. మా వైపు ఇల్లు కడితే బేస్‌మెంటు ఎత్తుగా లేపుతారు, రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఇల్లు పల్లంలో పడుతుందని భయం. మా ఇంటికి మూడున్నర అడుగులు. "ర్యాంపు కట్టుకోవచ్చుగా" అంటారు. వీల్‌చైర్ ర్యాంపుకి ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలన్నది లెక్క. మూడున్నర అడుగులకి 42 అడుగులు. మా గుమ్మానికీ సైడు కాలవకీ మధ్య ఉన్నది 9 అడుగులు. ఆ 9 అడుగుల్లో కడితే అది ర్యాంపు కాదు, జారుడుబండ. అందుకని లిఫ్టు పెట్టించాం. బిగించడంతో కలిపి 2,80,000 అయ్యింది.

అది లేనప్పటి సంగతి ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, చెబుతాను. అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే కుర్చీతో సహా మోసేవాళ్ళు నలుగురు కావాలి. మావారు డ్యూటీలో ఉంటారు. నేను వీధిలోకి వెళ్ళి "బాబూ, కాస్త సాయం పట్టండి" అని దారిన పోయే మగవాళ్ళని పిలవాలి. వాళ్ళు మంచివాళ్ళే, వచ్చేవాళ్ళు. కానీ జీవితమంతా కొంగు జారనివ్వని మనిషిని పరాయి మగవాళ్ళు చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతుంటే ఆవిడ కళ్ళు మూసుకునేది. ఎవరూ దొరకని రోజు నేనూ, పక్కింటి పిన్నిగారూ పట్టుకునేవాళ్ళం. నా నడుము నొప్పికి ఆనాడే నాంది. లిఫ్టు వచ్చాక మీట నొక్కింది అత్తయ్యే, ఎడమ చేత్తో. సాయంత్రం కూరగాయల బండి దగ్గరికి తనే దిగి వంకాయలు బేరం చేసింది. ఎవర్నీ పిలవకుండా వీధిలోకి రావడం ఎంత పెద్ద సంగతో కాళ్ళున్న మనకి తెలియదు.

ఇది ఒక్క మా ఇంటి గొడవ కూడా కాదు. ఈ పశ్చిమ ప్రకాశంలో మోకాళ్ళు, వెన్ను పట్టేసిన ముసలివాళ్ళు ఊరూరా కనబడతారు. ఫ్లోరైడు నీళ్ళ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుని డాక్టర్లు 1937లోనే మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఊళ్ళతోపాటు ఆ నీళ్ళూ మనకే వచ్చాయి. మార్కాపురం పలక గనుల్లో నడుము విరిగినవాళ్ళున్నారు. రోడ్డు మీద బండి ప్రమాదాలు సరేసరి. వాళ్ళందరి ఇళ్ళకీ మెట్లున్నాయి. ఆ మెట్ల దగ్గర మోసే మనిషి ఎక్కువగా భార్యో, కోడలో, కూతురో.

ఇప్పుడు ఆ మూడు సలహాల సంగతి చూద్దాం.

మొదటిది, తూకం. పాత ఇనుము వాడు వచ్చి లిఫ్టు చుట్టూ ఒకసారి తిరిగి, "రెండొందల యాభై కిలోలుంటదమ్మా, కిలో ముప్పై" అన్నాడు. 7,500 రూపాయలు. గ్యాస్ కట్టరు తెచ్చి మధ్యాహ్నానికల్లా ముక్కలు చేస్తానన్నాడు. అతని వ్యాపారం అతనిది, తప్పు పట్టను. తప్పు మన లెక్కలో ఉంది. మోటారు తిరుగుతోంది, గేటు తాళం పడుతోంది, ప్లాట్‌ఫారం వణకకుండా లేస్తోంది. ఇలాంటి వస్తువుని కిలోల్లో కొలవడమంటే పాలిచ్చే గేదెని తోలు కోసం అమ్మినట్టే.

మన రాష్ట్రంలో మంచానికో, వీల్‌చైర్‌కో పూర్తిగా పరిమితమైనవాళ్ళకి 2024 నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తున్నారు. ఆ డబ్బులో ఒక్క రూపాయి తినకుండా, మందు కొనకుండా దాచినా మా లిఫ్టు లాంటిది కొత్తది కొనాలంటే 19 నెలలు పడుతుంది. మా పాతది విప్పి, మోసి, ఇంకో ఇంట్లో బిగించడానికి అయిన ఖర్చు రాస్తున్నాను చూడండి. విప్పిన మనుషులకి 6,000, బండి బాడుగ 3,500, అక్కడ కాంక్రీటు దిమ్మకి 8,000, కొత్త బోల్టులు, హోస్ పైపు, ఆయిలు కలిపి 5,500, కరెంటు పనికి 2,000. మొత్తం 25,000. రెండు నెలల పింఛను కూడా కాదు. 19 నెలలకీ రెండు నెలలకీ మధ్య ఉన్న ఆ 17 నెలలూ ఎవరో ఒకావిడ మనిషిని మోస్తుంది.

రెండోది, గుర్తు. మా మరిది ఊళ్ళో ఉండడు. ఫోనులో, "అమ్మ ఎక్కి దిగింది వదినా, దాన్నెట్టా పీకేస్తాం" అన్నాడు. ఆ ప్రేమని నేను కాదనను. కానీ మా ఎండలో వాడకుండా వదిలేసిన యంత్రం ఏమవుతుందో చూడండి. రబ్బరు సీళ్ళు ఎండి పగుళ్ళొస్తాయి, ఆయిలు కారుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బ్యాటరీ ఉన్నదైతే చార్జింగు లేక చచ్చిపోతుంది. గేటు బందులు తుప్పు పడతాయి. రెండేళ్ళు ఆగితే అది గుర్తూ కాదు, లిఫ్టూ కాదు, పిల్లలు ఎక్కి ఆడుకుని దెబ్బలు తగిలించుకునే ఇనుము. గుర్తు కావాలంటే ఫొటో ఉంది, ఆవిడ ఊరగాయ జాడీ ఉంది. వాడకం ఉన్న వస్తువుని వాడేవాళ్ళ దగ్గర ఉంచడమే దానికి మర్యాద.

మూడోది, అశుభం. నాకు అసలు కోపం దీనిమీదే. అత్తగారి గొలుసు మెళ్ళో వేసుకుంటాం, అశుభం కాదు. మామగారి పొలం దున్నుకుంటాం, తాతగారు కట్టిన ఇంట్లో కాపురం చేస్తాం, పోయినవాళ్ళ పేర్లు పిల్లలకి పెట్టుకుంటాం, ఏదీ అశుభం కాదు. పోయినవాళ్ళ కళ్ళు దానమిస్తే దండలేసి మెచ్చుకుంటాం. మరి ఆవిడ కాళ్ళకి బదులుగా పనిచేసిన లిఫ్టుకి మాత్రం మైల ఎక్కడ అంటింది? విలువైనదైతే ఆస్తి, కుంటితనంతో ముడిపడ్డదైతే అశుభం. అంటే మన భయం చావు గురించి కాదు, నడవలేకపోవడం గురించి. వీల్‌చైర్‌ని చూస్తే "ఆ రాత మనకి రాకూడదు" అని మొహం తిప్పుకుంటామే, అదే ఇక్కడ ఆచారం వేషం వేసుకుని వచ్చింది. ఈ మాట ఎక్కువగా మన ఆడవాళ్ళ నోటినుంచే వస్తుంది, దాని బరువు మోసేదీ ఆడవాళ్ళే. అందుకే మీతో చెబుతున్నాను.

ఇంకో మాట కూడా ఉంది. "ఇచ్చేశాం, మన పని అయిపోయింది" అనుకునే దానం. పాడైన లిఫ్టుని ఇంకొకరి గుమ్మంలో దించి రావడం పుణ్యం కాదు, ప్రమాదాన్ని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మార్చడం. సిలిండరు రాడ్డు వంగినా, స్తంభం వెల్డింగులో చీలిక కనబడినా, ప్లాట్‌ఫారం మధ్యలో కుంగుతున్నా ఆ లిఫ్టు ఇనుము కిందే వెళ్ళాలి. పనికొచ్చే మోటారూ, గేటూ ఉంచుకుని మిగతాది తూకానికి వెయ్యండి. అమ్ముకుంటే కూడా తప్పేమీ లేదు. ఉచితంగా ఇమ్మని నేను ఎవరినీ బలవంతపెట్టను. పనిచేసేదాన్ని కొయ్యొద్దు, పనిచెయ్యనిదాన్ని అంటగట్టొద్దు, అంతే.

విప్పడం గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడే అందరూ భయపడి కట్టరు వాణ్ణి పిలుస్తారు.

ముందు విప్పకుండానే నడిపించి ఫోనులో వీడియో తియ్యండి. పేరు పలక మీద ఎన్ని కిలోలు మోస్తుంది, ఎంత ఎత్తు లేస్తుంది, ఏ కరెంటు కావాలి అన్నది రాసి ఉంటుంది, ఫొటో తియ్యండి. తీసుకునేవాళ్ళ అరుగు ఎత్తు టేపుతో కొలిపించండి. వాళ్ళ అరుగు మీ లిఫ్టు లేచే ఎత్తుకంటే ఎక్కువైతే అది వాళ్ళకి పనికిరాదు. తక్కువైతే ఆగే చోటు సరిచేసుకోవచ్చు. ఈ కొలత ఒక్కటి తీసుకోకపోతే బండి బాడుగ రెండుసార్లు కట్టాలి.

విప్పే రోజు ప్లాట్‌ఫారాన్ని పూర్తిగా నేలకి దించాలి. పైకి లేచి ఉండగా ఒక్క నట్టు కూడా కదపనివ్వకండి. తర్వాత ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆపించి, వైరు విడదీయించాలి. స్విచ్చి ఆపితే చాలదు. బ్యాటరీ ఉంటే దాని వైర్లు తీయించాలి. హైడ్రాలిక్‌దైతే ఒత్తిడి పోయాకే పైపు విప్పి ఆయిలు డబ్బాలోకి పట్టి, రెండు చివర్లకీ మూతలు బిగించాలి. ఒత్తిడిలో ఉన్న పైపు ఎక్కడ కారుతోందో వేలు పెట్టి చూడకూడదు, ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది. ఇది మన కుర్రాళ్ళకి గట్టిగా చెప్పాలి. వైరు వైరుకీ రంగు టేపు చుట్టి ఫొటో తీయించండి.

విప్పే వరుస ముఖ్యం. ముందు గేట్లు, తర్వాత రైలింగు, తర్వాత ప్లాట్‌ఫారం, ఆఖరున స్తంభం. స్తంభం బోల్టులు వదులు చేసేముందే దాన్ని పైన తాడుతోనో, చైన్ పుల్లీతోనో పట్టి ఉంచాలి. అది పడితే మనిషి మిగలడు. తుప్పు పట్టిన నట్లకి ముందురోజు రాత్రే ఆయిలు పోసి నానబెట్టండి, తెల్లారి రెంచికి లొంగుతాయి. నట్లూ బోల్టులూ మసాలా పొట్లాల్లాగా విడివిడిగా కవర్లలో వేసి, "గేటువి", "రైలింగువి" అని పేర్లు రాశాను. మేస్త్రీ నవ్వాడు గానీ అవతలి ఇంట్లో బిగించేటప్పుడు ఒక్క బోల్టు వెతుక్కోలేదు. నేలలో దిగిన యాంకర్ బోల్టులు మాత్రం అక్కడే సమంగా కోసెయ్యాలి. కొత్త చోటికి కొత్తవే కొనాలి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి. లిఫ్టు తీసిన చోట అరుగుకి పిట్టగోడ ఉండదు. మూడున్నర అడుగుల ఖాళీ నోరు తెరుచుకుని ఉంటుంది. అదే రోజు అక్కడ ఇనప గ్రిల్లో, నాలుగు వరసల ఇటుకో పెట్టించండి. చీకట్లో అలవాటుగా ఆ వైపు అడుగేసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

మోసేటప్పుడు నలుగురు కుర్రాళ్ళ భుజబలాన్ని నమ్ముకోకండి. కింద ఇనప పైపులు పరిచి దొర్లించి, రెండు మందపాటి చెక్కల మీదుగా ట్రాలీ బండిలోకి లాగాలి. పాత పరుపు పరిచి స్తంభాన్ని పడుకోబెట్టాలి, సిలిండరు రాడ్డు మీద బరువు పడకూడదు. ఆయిలు పంపు ఉన్న పెట్టె నిలువుగానే ఉండాలి. కంట్రోల్ పెట్టెని బండిలో వెయ్యకుండా డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి ఒళ్ళో పెట్టుకోవాలి. మా గుంతల రోడ్ల మీద ఈ జాగ్రత్త లేకపోతే చేరేది లిఫ్టు కాదు, దాని విడిభాగాలు.

అవతలి ఇంట్లో కాంక్రీటు దిమ్మ వేసి బాగా ఆరాకే బిగించాలి. ఎర్తింగు తప్పనిసరి. మనిషిని ఎక్కించే ముందు బియ్యం బస్తాలు ఎక్కించండి. మనిషి, కుర్చీ, తోడు ఉండే మనిషి కలిపి 140 కిలోలనుకుంటే పాతిక కిలోల బస్తాలు ఆరు పెట్టి పదిసార్లు ఎక్కించి దించాలి. మధ్యలో కరెంటు తీసేసి చేత్తో ఎలా దించాలో ఇంట్లో ఆడవాళ్ళకి నేర్పాలి. ఎందుకంటే ఆ సమయానికి ఇంట్లో ఉండేది వాళ్ళే.

మా లిఫ్టు కంభం వైపు ఒక ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటాయన గనిలో పడి నడుము కింద స్పర్శ పోగొట్టుకున్నాడు. భార్యకి ముప్పై ఐదేళ్ళుండవు. లిఫ్టు చూడ్డానికి వచ్చినప్పుడు అడగకపోయినా చెప్పింది, "అక్కా, ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని దించుతున్నా, రెండుసార్లు ఇద్దరం పడ్డాం." ఆవిడకి అశుభం గుర్తు రాలేదు. కొలతలు రాసుకుని, మోటారు చప్పుడు విని, "ఇది రిపేరొస్తే ఎవరు చేస్తారు" అని అడిగింది. సరైన ప్రశ్న అది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సినవాళ్ళు చెప్పరు. మాకు అమ్మిన కంపెనీ వాళ్ళకి ఫోను చేస్తే, విప్పడం తమ పని కాదన్నారు, వేరే చోట బిగిస్తే తమకి సంబంధం లేదన్నారు, అవతలి వాళ్ళ నంబరు ఇస్తే కొత్తదానికి తగ్గింపు ధర చెబుతామన్నారు. బిగించడానికి ఇద్దరు మనుషుల్ని పంపినవాళ్ళకి విప్పడానికి ఒక్క మనిషి దొరకలేదు. 2014లో రాజధాని అవుతుందని పేరు వినబడిన ఊరు మాది. బ్రిటిషు కాలంలో విమానాలు దిగిన ఊరు. మూడున్నర అడుగులు లేచే యంత్రాన్ని విప్పడానికి మాత్రం వేరే ఊరినుంచి మేస్త్రీని పిలిపించుకున్నాం.

ప్రభుత్వం సంగతి కూడా చెప్పుకోవాలి. 1981 నుంచి అడిప్ పథకం ఉంది, వికలాంగులకి ఉపకరణాలిస్తుంది. 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైన వయోశ్రీ పథకం పేద వృద్ధులకి చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, వీల్‌చైర్లు ఇస్తుంది. ఇస్తున్నందుకు సంతోషమే. కానీ ఇచ్చిన వీల్‌చైర్ గుమ్మం దగ్గర ఆగిపోతే అది ఇంట్లో తిరిగే కుర్చీ మాత్రమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆఫీసుల మెట్ల గురించి గట్టిగా మాట్లాడింది. మన ఇంటి మెట్లు మన ఖర్మకే మిగిలాయి.

అందుకని కొత్త లిఫ్టు కొనేవాళ్ళు బేరం ధర దగ్గర ఆపకండి. విప్పి ఇంకోచోట బిగించడానికి ఎంత తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. వైరింగు బొమ్మ, వాడే విధానం పుస్తకం అడిగి బీరువాలో పెట్టుకోండి. రాసివ్వనంటే ఇంకో కంపెనీ దగ్గరికి వెళ్ళండి. మండలంలో పంచాయతీ వాళ్ళనీ, డ్వాక్రా సంఘాల్నీ అడగాల్సింది ఒకటుంది. వాడకం ఆగిపోయిన లిఫ్టులు, ఆసుపత్రి మంచాలు, వీల్‌చైర్లు ఏ ఇంట్లో ఉన్నాయో, ఎవరికి కావాలో రాసిపెట్టే ఒక పుస్తకం. దానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. పొదుపు లెక్కలు ఇన్నేళ్ళుగా రాస్తున్న ఆడవాళ్ళకి ఆ పుస్తకం ఒక లెక్కా?

ఆ పుస్తకం వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. మీ వీధిలో గోనెపట్టా కప్పి వదిలేసిన లిఫ్టు ఒకటుంటే, ఈ ఆదివారం ఆ ఇంటికి వెళ్ళి మూడు మాటలు అడగండి. పనిచేస్తోందా? ఎంత ఎత్తు లేస్తుంది? ఎప్పుడు విప్పిస్తారు?